ఇంజనీరు గారి సీసాల బీరువా

నేను నలభై రెండేళ్ళు వడ్రంగం చేశాను. అన్నేళ్ళలో గాలి చొరబడని బీరువా ఒక్కటే చేశాను. అలాంటిది ఇంకెవరూ చెయ్యొద్దని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఇప్పుడు మోకాళ్ళు మాట వినక పని మానేసి పటమటలో ఇంటిపట్టునే ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటారు. టేకు ముదురుదో లేతదో ఎలా పోల్చుకోవాలని అడుగుతారు. అది ఏ కలప అడితిలో అడిగినా చెబుతారు. నేను చెప్పాలనుకునేది వేరే ఉంది. నా చేత్తో చేసినవాటిలో చూసినవాళ్ళంతా మెచ్చుకున్న పని ఒకటుంది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిందీ అదే.

పదహారేళ్ళ కిందటి సంగతి. మొగల్రాజపురంలో ఒక ఇంజనీరు గారింటి నుంచి కబురొస్తే వెళ్ళాను. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బాయిలర్ల దగ్గర చేసి అప్పుడే రిటైరయ్యారు. పొడుగు మనిషి, మాట కటువు. నేను టేపు పెట్టి కొలిచిన ప్రతి కొలతా తన టేపుతో మళ్ళీ కొలిచేవారు. మొదటిరోజు మధ్యాహ్నానికే ఈ పని మనకొద్దని సామాను సర్దుకోబోయాను. ఇంతలో ఆయన భార్య కాఫీ తెచ్చారు. ఆవిణ్ణి నేను మొదటినుంచీ అమ్మగారనే పిలిచేవాణ్ణి. తన వంటలో ఉప్పు కూడా ఆయన కొలత చూసే వేయిస్తారని, నన్నేమీ అనుకోవద్దని చెప్పి నవ్వారు. ఆ నవ్వు చూసి ఉండిపోయాను.

ఆయనకి కావలసింది హాల్లో గోడ పొడుగునా ఒక అద్దాల బీరువా. అందులో పెట్టేవి విస్కీ సీసాలని తెలిసి నేను మొహం చిట్లించాను. నాకు తాగుడు అలవాటు లేదు. అదేదో గొప్ప నియమమని చెప్పను. నాకు పని నేర్పిన గురువు తాగినవాణ్ణి రంపం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తాగినవాడికి ఐదు వేళ్ళు ఆరు కనిపిస్తాయి, ఒకటి తెగిపోయినా లెక్క సరిపోయిందనుకుంటాడు అనేవాడు. ఆ భయంతోనే నేను దాని జోలికి పోలేదు.

నా మొహం చూసి ఇంజనీరు గారికి సంగతి అర్థమైంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఒక సీసా తెచ్చి వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నారు. దాని పేరు బర్బన్ అట. అమెరికా వాళ్ళు మొక్కజొన్నతో చేస్తారట. బట్టీ నుంచి దింపినప్పుడు నీళ్ళలాగే తెల్లగా ఉంటుందట. కొత్త ఓక్ చెక్కతో పీపా చేసి, లోపల నల్లగా కాల్చి, అందులో పోసి ఏళ్ళ తరబడి పక్కన పెడితే ఆ తేనె రంగు వస్తుందట.

"ఈ రంగూ, వాసనా, రుచిలో సగానికి పైనా చెక్కదే మేస్త్రీ. ఇందులో కష్టం మీ వాళ్ళదే" అన్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన్ని బాయిలర్ల ట్రైనింగుకని ఆరునెలలు ఆ దేశం పంపారట. ఆదివారాలు దగ్గర్లో ఉన్న పీపాల కార్ఖానాకి వెళ్ళి కూర్చునేవారట. మేకు లేదు, జిగురు లేదు. చెక్కపేళ్ళని పక్కపక్కన నిలబెట్టి చుట్టూ ఇనప పట్టీలు బిగిస్తే చాలు, ఏళ్ళు గడిచినా చుక్క కారదట. అది ఎలా బిగిస్తారో చేతులతో చూపించారు. అప్పటికి పాతికేళ్ళుగా జిగురూ మేకులూ నమ్ముకుని బతుకుతున్న నాకు సిగ్గేసింది. ఆ పూట నుంచి ఆ సీసాల మీద నాకు గౌరవం పుట్టింది, ఆయన మీద కూడా.

ఆ సీసాలు ఊరికే వచ్చినవి కావు. ఆయనతో కాకినాడలో కలిసి చదువుకున్న స్నేహితుడు ఒకాయన ఓడల్లో ఇంజనీరుగా చేసేవాడు. బందరు మనిషి. సెలవుకి వచ్చినప్పుడల్లా ఏదో ఒక రేవులో వెతికి ఒకటో రెండో తెచ్చేవాడు. వాటిలో కొన్ని ఇప్పుడు ఎక్కడా దొరకవట, చేసేవాళ్ళే మూసేసుకున్నారట. ఇంజనీరు గారి దగ్గర ఒక నోట్‌బుక్కు ఉండేది. ఏ సీసా ఏ రేవు నుంచి వచ్చిందో, ఏ నెలలో వచ్చిందో అందులో రాసుకునేవారు. నేను చూసేటప్పటికి ఇరవై పైచిలుకున్నాయి, చివరికి ముప్పై ఒకటయ్యాయి. ఒక్కదానికీ మూత తియ్యలేదు. శనివారం రాత్రి ఆయన తాగేది ఇక్కడి దుకాణంలో దొరికే మామూలు సరుకే. మరి వీటినెప్పుడు తాగుతారండీ అని అడిగితే, సమయం రావాలి అనేవారు. ఇంటికొచ్చినవాళ్ళకి దీపాలు వేసి సీసాలన్నీ చూపించి, చివర్లో ఫిల్టర్ కాఫీ ఇప్పించేవారు. ఆశపడి వచ్చినవాళ్ళ మొహాలు చూడాలి.

ఆయన భయమంతా లేబుళ్ళ గురించే. అంతకుముందున్న అలమరాలో బొద్దింకలు జిగురు కోసం రెండు సీసాల లేబుళ్ళు కొరికేశాయి. లోపలిది చూసి ఎలాగూ పోల్చుకోలేం, పైన కాగితం పోతే సీసా ఊరూ పేరూ పోయినట్టేనని బాధపడేవారు. అది విని నాకు పౌరుషం వచ్చింది. టేకు ఫ్రేము కట్టి, అద్దాల తలుపుల చుట్టూ రబ్బరు బీడింగు వేసి, వెంట్రుక కూడా దూరనంత బిగువుగా కూర్చాను. తలుపు వేస్తే ఉస్సుమని చిన్న చప్పుడయ్యేది. ఇంజనీరు గారు దాన్ని పదిసార్లు తీసి, పదిసార్లు వేసి, బాయిలర్ తలుపులా ఉందన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఉండదని అమ్మగారు చెప్పారు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. మా గురువు దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ బీరువా చేసినా, ఇంటివాళ్ళకి తాళాలు ఇచ్చేముందు పసుపు కుంకుమ పెట్టి, అరకొక గుప్పెడు కలరా ఉండలు వేసేవాడు. నేనూ అలాగే చేసేవాణ్ణి. బట్టల మధ్య వేసే తెల్ల గోళీలు, మీకు తెలిసినవే. ఇంత మంచి బీరువాకి గుప్పెడు ఏం సరిపోతాయని నాకనిపించింది. అరల వెనక బయటికి కనపడకుండా సన్నటి ట్రేలు అమర్చి, ఘాటు సీసాల వైపు వచ్చేలా ట్రేల ముందు పలకకి వరసగా రంధ్రాలు వేసి, ట్రేల నిండా ఉండలు పోశాను. ఆ సంగతి ఇంజనీరు గారికి గొప్పగా చెప్పాను. లేబుళ్ళకి ఢోకా లేదని ఆయన నా భుజం తట్టారు. అంతటితో వదల్లేదు. ఏటా దసరాకి ముందు, ఎవరూ పిలవకపోయినా వెళ్ళి, కరిగిపోయిన ఉండల చోట కొత్తవి పోసి, కీలుకి నూనె వేసి వచ్చేవాణ్ణి. అమ్మగారు పులిహోర పెట్టేవారు. ఇంజనీరు గారు పీపాల కబుర్లు చెప్పేవారు. చెప్పినవే మళ్ళీ చెప్పినా నాకు బాగుండేది. పదిహేనేళ్ళలో ఒక్క ఏడాది కూడా మానలేదు. నిజం చెప్పాలంటే ఆ ఇంటికి వెళ్ళడానికి నాకు ఆ ఉండలు ఒక వంక.

పోయినేడాది వాళ్ళ ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి బిల్డరుకి ఇచ్చారు. అద్దె ఫ్లాటులో అంత గోడ లేదు. నేను పని మానేశానని తెలిసి కూడా ఆయన ఫోన్ చేశారు, మీరు బిగించింది మీరే విప్పాలన్నారు. నాతో పాలిష్ మేస్త్రిని తీసుకెళ్ళాను. మంగళగిరి మనిషి, నాకన్నా ఆరేళ్ళు చిన్న, ఆ బీరువాకి లక్క పాలిష్ పెట్టింది అతనే. లక్కని స్పిరిట్లో కరిగించి గుడ్డతో రుద్దే పని కాబట్టి వాళ్ళ ముక్కు పొద్దున లేచింది మొదలు స్పిరిట్లోనే ఉంటుంది. డబ్బా మూత తీస్తే చాలు, అందులో నీళ్ళు ఎంత కలిపారో చెప్పేవాడు. సాయంత్రం రెండు గ్లాసులు పడితే ముక్కు ఇంకా బాగా పనిచేస్తుందని వాదించేవాడు.

మేం వెళ్ళేటప్పటికి పొద్దున పదకొండు. బీరువా విప్పబోతుంటే ఇంజనీరు గారు ఆగమన్నారు. సీసాలని అట్టపెట్టెల్లో మూటగట్టి మోసుకుపోవడం తనకిష్టం లేదన్నారు. "ఈ గోడ పోయే రోజే ఆ సమయం అనుకున్నాను మేస్త్రీ" అన్నారు. ఓడల స్నేహితుణ్ణి బందరు నుంచి భోజనానికి పిలిచారు. ఆయన బస్సులో వస్తున్నాడు. అమ్మగారు కొత్త గాజు గ్లాసులు కడిగి బల్ల మీద బోర్లించి పెట్టారు. ఇంజనీరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఆ మనిషి అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

స్నేహితుడు వచ్చేలోపు ఒకటి తీసి చూద్దామని అన్నిటికన్నా పాతది తెచ్చారు. బిరడా పొడిపొడిగా రాలితే టీ జల్లెడతో వడకట్టి గ్లాసులో కొద్దిగా పోశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒక గుటక వేసి కిటికీ వైపు వెళ్ళి నిలబడ్డారు. తర్వాత వెనక్కి వచ్చి గ్లాసు నాకిచ్చి, మీరు తాగరు కదా, మీ ముక్కు తేటగా ఉంటుంది, వాసన చూసి చెప్పండన్నారు.

చూశాను. క్షణం పట్టలేదు. అది నా వాసన, కలరా ఉండలది. నలభై ఏళ్ళు నా చేతులకీ, చొక్కాలకీ, అన్నం డబ్బా సంచీకీ ఉన్న వాసన.

"నాకేం తెలుస్తుందండీ" అన్నాను.

ఆయన రెండోది తీశారు. అదే. మూడోది తీశారు. అదే. గ్లాసులు వరసగా పెట్టి కుర్చీలో కూర్చున్నారు. సీసాలో ఏళ్ళ తరబడి ఉంటే పాడైపోయిందేమోనని అమ్మగారు మెల్లగా అన్నారు. మూత వేసిన విస్కీ అలా పాడవదని ఆయన చెప్పారు. తాను దాని సొంత ఊళ్ళో తాగినవాణ్ణని, ఆ రుచి మర్చిపోలేదని, ఇందులో ఏదో మందు కలిపారని అన్నారు. తర్వాత ఇంకాస్త నెమ్మదిగా అన్నారు.

"ముప్పై ఏళ్ళూ వాడు నాకు దొంగ సరుకు తెచ్చిచ్చాడు."

ఆయన నోట్‌బుక్కు తెచ్చుకుని రేవుల పేర్లు ఒక్కొక్కటే చూస్తూ, ఇక్కడ చవగ్గా దొరికి ఉంటాయి, ఇక్కడ కల్తీ జాస్తి అని తనలో తను అనుకుంటున్నారు. ఫోను తీసి స్నేహితుడికి చేశారు. అవతలి నుంచి బస్సు హోరు, దానిమీదుగా హుషారుగా ఒక గొంతు వినిపించాయి. కంకిపాడు దాటాడట. ఇంజనీరు గారు వచ్చాక మాట్లాడదాం అని మాత్రం అని పెట్టేశారు. అమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దవయసులో ఇంటికి పిలిచి మాట అనొద్దని ఆవిడ బతిమాలారు.

నేనేం చేశానో కూడా చెప్పాలి కదా. బీరువా దగ్గరికెళ్ళి స్క్రూలు విప్పుతున్నట్టు నటించాను. బిరడా ఉన్న సీసాలోకి బయటి వాసన ఎలా వెళ్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రేపటి నుంచి ఈ ఇల్లే ఉండదు, ఈ బీరువా ఉండదు, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఆ బందరాయన్ని మొత్తం మీద మూడుసార్లు చూసి ఉంటాను. ఆయన పేరు పోతే నాకేంటి అనిపించింది. నా పనికి నలభై ఏళ్ళుగా ఉన్న పేరు పోవడం మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఇలా అనుకోవడం ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

పాలిష్ మేస్త్రి ఆ రాలిన బిరడా ముక్క ఒకటి తీసి వాసన చూశాడు. నా దగ్గరికొచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"అన్నయ్యా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

లేచాను. వెనక ట్రే ఒకటి లాగి, తీసుకెళ్ళి ఇంజనీరు గారి ముందు గ్లాసుల పక్కన పెట్టాను.

"అయ్యా, మీ స్నేహితుడు తెచ్చింది మంచి సరుకే. పాడుచేసింది నేను."

గాలి బయటికి పోయే దారి లేకుండా నేనే బిగించానని, అంత ఘాటు ఎటూ పోలేక పదిహేనేళ్ళుగా ఎండిన బిరడాల్లోంచి లోపలికి దిగిందని చెప్పాను. ఇందాక వాసన చూడగానే నాకు తెలిసిందని, తెలిసే అబద్ధం ఆడానని కూడా చెప్పాను. ఆయన ఒక ఉండ తీసి వాసన చూశారు. గ్లాసు చూశారు. మళ్ళీ ఉండ చూశారు.

"రంధ్రాలు ఎన్ని వేశారు?" అన్నారు.

"నలభై ఎనిమిదండీ."

"అన్నీ సమానదూరంలోనా?"

"కొలిచే వేశానండీ."

"అందుకే అన్నీ ఒకేలా పోయాయి" అన్నారు.

అమ్మగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను, నవ్వుతున్నారు. ఆయన ఆవిడ వైపు కోపంగా చూశారు, కానీ ఆ కోపం ఎంతోసేపు నిలబడలేదు. "ఎప్పుడు తలుపు తీసినా ఈ వాసనే వస్తుంటే శుభ్రంగా ఉందిలే అనుకున్నాను మేస్త్రీ" అన్నారు. ఏ ఇంట్లో ఏ బీరువా తెరిచినా అదే వాసన, ఆ గాలికే అలవాటుపడ్డ ముక్కుకి ఇక అనుమానం ఎలా వస్తుంది. ఆయన నన్ను తిడితే బాగుండేది. తిట్టలేదు.

తర్వాత పాలిష్ మేస్త్రి మిగిలిన సీసాలన్నీ ముందేసుకుని ఒక్కొక్క మూతా వాసన చూశాడు. నాలుగింటికి బిరడాతో పాటు మెడ దాకా ఎర్ర మైనం ఉంది, తయారుచేసినప్పుడే అందులో ముంచారట. వాటిని విడిగా పెట్టాడు. ఇంజనీరు గారు ఒకదాని మైనం చాకుతో గీకి, బిరడా తీసి, కొద్దిగా పోసుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి "చెక్క" అన్నారు. అంతే.

పన్నెండున్నరకి స్నేహితుడొచ్చాడు. పొట్టి మనిషి, చెమటలు కారుతున్నాయి, చేతిలో బందరు లడ్డు పొట్లం. ఇంకా చెప్పులు విడవకముందే ఇంజనీరు గారు ఎదురెళ్ళారు. నా తప్పు గురించి చెబుతారని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన నా ఊసే ఎత్తలేదు.

"ఒరేయ్, నువ్వు రాకముందు ఒక పది నిమిషాలు నిన్ను దొంగ అనుకున్నాను. తప్పు చేశాను" అన్నారు. తల వంచుకునే అన్నారు.

స్నేహితుడు పొట్లం అమ్మగారికిచ్చాడు. బల్ల మీదున్న గ్లాసు ఎత్తి వాసన చూసి, ఇది మా అమ్మ బట్టల పెట్టెలా ఉందేంట్రా అన్నాడు. సంగతంతా నేను చెప్పాను. విని గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"యాభై ఏళ్ళలో పది నిమిషాలేగా. గ్లాసులో పొయ్యి" అన్నాడు.

ముందు చెడిపోయిందే తాగుతానని పట్టుబట్టాడు. ఒక గుటక వేసి, ఫలానా రేవులో ఇంతకన్నా ఘోరమైంది తాగానని తీర్పు చెప్పి గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత మంచిది పోశారు. పాలిష్ మేస్త్రికి కూడా వాళ్ళతో పాటే కుర్చీ వేసి పోశారు. అతను సగం తాగి, ఇన్నాళ్ళూ తాగినదానికి ఏం పేరు పెట్టాలో తెలియడం లేదన్నాడు. నాకు ఒక గ్లాసులో కొద్దిగా పోసి, తాగొద్దు, ఊరికే పట్టుకోమన్నారు. ముదురు టేకు రంపం కింద వేడెక్కితే వచ్చే వాసన, దాని వెనక లేత పాకం వాసన వచ్చాయి. కాల్చిన చెక్క ఇంత పని చేస్తుందా అని చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

భోజనాలయ్యాక చెడిన ఇరవై ఏడూ వంటింట్లో సింకు దగ్గరికి చేర్చారు. ఒక్కొక్కటి ఒంపేముందు ఇంజనీరు గారు నోట్‌బుక్కులో రేవు పేరు చదివేవారు. అక్కడ ఆ రోజు ఏం జరిగిందో స్నేహితుడు చెప్పేవాడు. ఒకచోట తుపాను, ఒకచోట వంటవాడితో గొడవ, ఒకచోట సీసా కొనడం కోసం వెళ్ళి ఓడ తప్పిపోతుందని పరిగెత్తడం. ఇంజనీరు గారికి వాటిలో సగం అప్పటిదాకా తెలియవట. సీసా ఎక్కడిదని రాసుకున్నారు గానీ ఎలా వచ్చిందని ఎప్పుడూ అడగలేదట. సాయంత్రం నాలుగైంది అవన్నీ ఒంపేసరికి. ఖాళీ సీసాలు కడిగి ఆరబెట్టాం. లేబుళ్ళు మాత్రం ఒక్కటి కూడా చెడలేదు.

మేం వచ్చేసేటప్పుడు ఇంజనీరు గారు గేటు దాకా వచ్చి, కొత్త ఫ్లాటు కట్టాక వంటింటి పని మీరే చూడాలన్నారు. మోకాళ్ళ సంగతి చెప్పినా వినలేదు. నా మీద ఆయనకి కోపం లేదు, ఆ స్నేహితుడికి ఆయన మీద లేదు. ఆటోలో పాలిష్ మేస్త్రి ఇంత మంచి రోజు ఎప్పుడూ చూడలేదని దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. మొదటి గ్లాసు నా చేతికిచ్చి అడిగినప్పుడే నేను నోరు విప్పి ఉంటే, ఆయన ఆ మాట అనేవారు కాదు, ఆ ఫోను చేసేవారు కాదు, ప్రాణంతో సమానమైన మనిషి ముందు గుమ్మంలో తల వంచుకుని నిలబడేవారు కాదు. సీసాలు పోవడం పొరపాటు, తెలియక జరిగింది. ఆయన తనవని ఒప్పుకున్న ఆ పది నిమిషాలు మాత్రం నావి. అవి నేను తెలిసే చేశాను.